ఇందాకా

చీమకుర్తి సచివాలయంలో మూడో కుర్చీ నాది.
పుట్టినవాళ్లూ పోయినవాళ్లూ
ఒకే కిటికీ ముందు వరసకడతారు.

ఆ పొద్దు వచ్చినవాడి కనురెప్పల మీద ఇంకా రాతిపొడి.
నల్లరాయి కోస్తే తెల్లపొడి ఎందుకొస్తుందో
నాకిప్పటికీ తెలీదు.
పేరు జకరయ్య. క్వారీలో వైరుసా మీద పని.
"బాబు పేరు?"
"ఎబెనెజరు" అన్నాడు,
జారితే కాలి మీద పడేదాన్ని దించినట్టు, మెల్లగా.

ఈ ఏడు నా చేతిమీదుగా నాలుగో ఎబెనెజరు.
మా పేటలో పాతవాళ్లు వేరే:
క్రేను ఎబెనెజరు, చర్చిగంట ఎబెనెజరు,
అత్తగారి ఊళ్లో చీటీపాట ఎత్తేసి
కనపడకుండా పోయిన ఎబెనెజరు.
ఎబ్బా అని కేకేస్తే మూడు తలుపులు తెరుచుకుంటాయి.
నోరు తిరగని ముసలమ్మలు ఎబినేసూ అంటారు,
పైవాడికి అర్థమవుద్దిలే అని.

వెనక వాళ్లమ్మ సువార్తమ్మ, ఒళ్లో పిల్లాడు, గొణుగుడు:
"మీ నాయన కాలు తీసుకుంది రాయి.
ఆ ఇంట్లో పుట్టినోడికి రాయి పేరేందిరా?
ఆశేరు లేదా? ఆశేరంటే సంతోషమంట,
ఆదివారం బడి టీచరమ్మ చెప్పింది."

నిజమే. ఎబెన్ అంటే రాయి.
ఎజెర్ అంటే సాయం.
దారి తెలియని ఎండదేశంలో
యుద్ధం సద్దుమణిగాక
ఒక ముసలి ప్రవక్త రాయి నిలబెట్టి
ఇందాకా తోడున్నాడు, అనుకుని
ఆ రాయికి పెట్టుకున్న పేరు.
మనిషి కోసం పుట్టింది కాదు.
ఎప్పుడు మనుషుల్లోకి దిగిందో,
ఏ దొర పెట్టెలో ఓడెక్కి వచ్చిందో,
కరువు ఏట ఒంగోలు చుట్టూ మాదిగపల్లెల్లో
లందల పక్కన
పాతచీర ఉయ్యాలల్లో పడుకుంది.

జకరయ్య తల్లితో వాదించలేదు. నాతో చెప్పాడు:
"ఆ రాత్రి నొప్పులమ్మా, నెత్తురు.
నూటెనిమిది యాడనో ఉండాది.
ఉన్న ఒక్క లారీలో బ్లాకు ఎక్కించి ఉంది.
దాంతో పోతే ఒంగోలు చేరేసరికి తెల్లారుద్ది.
క్రేను ఎబెనెజరు లుంగీతోనే లేచొచ్చాడు.
రాయి దించాడు.
రాయున్న చోట బొంత పరిచి
మా ఆడమనిషిని పడుకోబెట్టాం.
రిమ్స్‌లో నాలుగింటికి ఏడ్చాడు వీడు.
ఆ రాయి ఇంకా రోడ్డు వారనే ఉండాది."

సువార్తమ్మ ఇంకేం అనలేదు.
కొంగు తడిచేసి
పిల్లాడి చెవి వెనక తుడిచింది.

నేను అలవాటుగా అడిగాను:
"కాగితం మీద కూడా ఇదేనా?
రేపు కులం సర్టిఫికెట్ కాడ అడ్డమొస్తే?
చానామంది వేరే పేరు రాయించుకుంటారు."
అడుగుతూనే నా మెడలో బ్యాడ్జీ తగిలింది.
కస్తూరి, అని ఉంటుంది దాని మీద.
నేను పుట్టింది కెజీయాగా.
కెజీయా అంటే దాల్చినచెక్కకి చెల్లెలు,
వాసనిచ్చే చెట్టుపట్ట.
ఒకటో తరగతిలో అయ్యవారు
వాసనకి వాసన సరిపోయిందిలే, అని నవ్వి
రిజిస్టర్లో కస్తూరి దించాడు.
ఆఖరి రోజుల్లో అమ్మ కెజీయా కెజీయా అంటుంటే
పక్కమంచం ఆవిడ అడిగింది:
మీకింకో కూతురుందా?

జకరయ్య కాసేపు గోడ మీది గడియారం చూశాడు.
"ఆ పేరు రేపటి సంగతి చెప్పదంటగా మేడం?"
"చెప్పదు. ఇందాకా అంటుంది. అంతే."
"అయితే రాయండి. ఇందాకా నిజమేగా."

రాశాను. ఒక్క అక్షరం తగ్గించకుండా.

సాయంత్రం బస్సులోంచి చూశాను ఆ రాయిని.
ఎవరిదో బనీను ఆరేసుంది.
బనీను లేనిమేర
చీకటిరాయిలో చుక్కలు
అప్పుడే వెలుగుతున్నాయి.
కండక్టరు చిల్లర గలగలలాడిస్తూ
నా సీటు దగ్గర ఆగాడు.
"ఎందాకమ్మా?"

సంతనూతలపాడు, అన్నాను.